వరుసగా మూడు గైర్హాజర్లు

బడిపిల్లల చొక్కాలు కుట్టే కార్ఖానాలో ఆవిడ పని కాజాలు. కాజా అంటే గుండీ దూరే కన్నం. చూడ్డానికి గింజంత ఉంటుంది గాని దాని చుట్టూ ఇరవై రెండు కుట్లు, చివర అడ్డంగా ఒక బిగింపు ఉంటాయి. ఒక్క కుట్టు వదులైతే పిల్లాడు నాలుగుసార్లు గుంజేసరికి చొక్కా నోరు తెరుస్తుంది. ఇరవై ఆరేళ్ళు ఆవిడ అవే కుట్టింది. కాజాల మిషను వచ్చాక కూడా మెడపట్టీ దగ్గరిది మాత్రం చేత్తోనే కుట్టమన్నారు, మందం గుడ్డని మిషను నమిలేస్తోందని. దాంతో అందరికీ ఆవిడ కాజాలావిడ అయిపోయింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు హాజరు పట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది.

ఆ కార్ఖానాలో కిటికీ పక్కన పొడుగాటి బల్ల ఒకటి. దాని దగ్గర నలుగురు. అందరికంటే చిన్నది కత్తెరమ్మ, గుడ్డ కోసేది. కాజాలావిడ ఎడమ పట్టీకి కాజా తీసి చొక్కాని పక్కకి తోసేది. పక్కనున్నావిడ కుడి పట్టీకి గుండీ కుట్టేది, ఆవిడ గుండీల వదిన. ఇద్దరి లెక్కా కుదరకపోతే చొక్కా వంకర పోతుంది, కాబట్టి ఇద్దరూ ఒకరి చేతివైపు ఒకరు చూస్తూనే పని చెయ్యాలి. నాలుగో ఆవిడ ఇస్త్రీ పిన్ని. నలుగురిలోనూ మొగుణ్ణి పోగొట్టుకున్న వాళ్ళు ఇద్దరు, వదిలేసిన ఆవిడ ఒకతె, ఇంట్లో పెట్టుకుని సాగదీస్తున్నది ఒకతె. సాగదీస్తున్నది కత్తెరమ్మ.

గుండీల వదినకి నోరు ఊరుకోదు. చేతిలో దారం తెగినా మాట తెగేది కాదు.

"ఏమే కాజా, మీ మేనేజరు ఇవాళ కొత్త బూట్లేసుకొచ్చాడు. నడిచొస్తుంటే ఎలకల్ని తొక్కుతున్నట్టు కీచుకీచుమంటున్నాయి."

"నా మేనేజరు ఎప్పుడయ్యాడు వదినా? నీ మేనేజరు కాడూ?"

"నా చేతికి దొరికితే గుండీ కుట్టేద్దును మూతికి."

అట్లా నడిచేది రోజు. నలుగురూ స్నేహితులమని ఎప్పుడూ అనుకోలేదు. అనుకునే తీరిక ఎవరికుంది? ఒకరు రాకపోతే ఆ పూట మిగిలిన ముగ్గురికీ చెయ్యి సాగేది కాదు, అంతే.

ఇస్త్రీ పిన్నికి కడుపులో గడ్డ అన్నారు. ఆస్పత్రిలో చేరింది. ఆదివారం వెళ్ళి చూద్దామనుకున్నారు. బుధవారం మధ్యాహ్నం పోయింది. శనివారం గాని వీళ్ళకి తెలియలేదు. సామాను తెచ్చుకోవడానికి ముగ్గురూ వెళ్తే అక్కడి నర్సు చెప్పింది, ఆఖరి గంటలో డాక్టరు వచ్చి తాలూకు మనుషులెవరని మూడుసార్లు కేకేశాడట, వరండాలో ఎవరూ లేవలేదట. పిన్నికి అప్పటికి తెలివి ఉందట. కేక వినపడిందట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిన్ని సంచి వదిన ఒళ్ళో పెట్టుకుంది. సోమవారం బల్ల దగ్గర మాట అనుకున్నారు. మన నలుగురిలో... కాదు, ముగ్గురిలో ఎవరు మంచం పట్టినా పక్కన మనిషుండాలి. కుదిరిన వాళ్ళు వెళ్ళాలి, పని ఎగ్గొట్టైనా సరే. కాగితం లేదు, సంతకం లేదు. కార్ఖానాలో మిగతా ఆడవాళ్ళు విని, మేమూ ఉంటామన్నారు. అట్లా ఏడాది గడిచేసరికి పదిహేనుగురు.

చిక్కల్లా ఆస్పత్రి గేటు దగ్గర వచ్చింది. కాపలావాడు అడిగేవాడు, మీరేమవుతారని. పక్క బల్ల అని చెప్తే లోపలికి వదలడు. ఆఫీసులో కనుక్కుంటే రిజిస్టరైన సంఘమైతే బ్యాడ్జీలిస్తామన్నారు. సరే, సంఘం పెడదామన్నారు. సంఘానికి నిబంధనలుండాలన్నారు. నిబంధనలంటే ఏమిటో వీళ్ళెవరికీ తెలియదు. కత్తెరమ్మ వీధిలో పదవీ విరమణ చేసిన టైపిస్టు ఒకావిడ ఉండేది. ఆవిడ తను ఉంటున్న అపార్ట్‌మెంటు సంఘం నిబంధనలు తీసుకుని, పైన పేరు మార్చి, మిగతాది ఉన్నదున్నట్టు టైపు కొట్టి ఇచ్చింది. నలభై ఒక్క నిబంధనలు. పదకొండోది, సభ్యులు వరండా కమ్మీల మీద తడిబట్టలు ఆరవేయరాదు. రోగులకి తోడుండే సంఘానికి ఆ నిబంధన ఎందుకో ఎవరూ అడగలేదు. టైపులో ఉంది కాబట్టి అవసరమే అయ్యుంటుందనుకున్నారు. అందరూ సంతకాలు పెట్టారు.

పంతొమ్మిదోది, నెలవారీ సమావేశానికి కారణం రాసివ్వకుండా వరుసగా మూడుసార్లు గైర్హాజరైన సభ్యుని పేరు తొలగించబడును.

ఇది మాత్రం కాజాలావిడకి నచ్చింది. ఆవిడ చదివింది మూడో తరగతి. అయినా చదివించుకుని, ఇంకోసారి చదివించుకుని, ఇది బిగింపు కుట్టు లాంటిదంది. ఆవిడనే అధ్యక్షురాల్ని చేశారు. బ్యాడ్జీ మీద ఒకటో నంబరు ఆవిడదే. టైపు మేడమ్ కార్యదర్శి.

ఇంకో నిబంధన ఆవిడ సొంతంగా చెప్పి రాయించింది. ఎవరు ఎవరికి తోడు వెళ్ళాలో చీటీలు తీసి తేల్చాలి, ఎవరికి వారు ఏరుకోకూడదు. ఏరుకోనిస్తే అందరూ తమ వాళ్ళ దగ్గరికే వెళ్తారు, ఎవరూ లేని వాళ్ళు పిన్నిలాగే పడుంటారు. చీటీలో వచ్చిన రోగిని వదిలి పది నిమిషాలకి మించి ఎక్కడికీ వెళ్ళకూడదు. తోడు సభ్యులకి మాత్రమే, చేరాలంటే మనిషే ఎదురుగా వచ్చి సంతకం పెట్టాలి అని కూడా ఆవిడే రాయించింది. ఇందులో వంక పెట్టడానికేమీ లేదు. వదిన కూడా అప్పుడు చెయ్యెత్తింది.

వదినకి పడనివి సమావేశాలు. నెలకో ఆదివారం మధ్యాహ్నం మూడింటికి, బడి గది ఒకటి అడిగి తీసుకుని, పిల్లల బెంచీల మీద మోకాళ్ళు ఇరికించుకుని కూర్చునేవాళ్ళు. గత సమావేశం తీర్మానాలు చదవడం, వాటికి చేతులెత్తడం, ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో చదవడం, దానికీ చేతులెత్తడం.

"పోయిన నెల ఎత్తిన చెయ్యే కదే ఇది. మళ్ళీ ఎందుకెత్తడం? చంకలో గాలి తగలడానికా?" అంది వదిన ఒకసారి, అందరూ వినేట్టు.

వెనక బెంచీలు నవ్వాయి. కాజాలావిడ నవ్వలేదు. నంబర్లు అప్పటికి నూరు దాటాయి. ఆస్పత్రి పెద్ద డాక్టరు అమ్మా అని పలకరిస్తున్నాడు ఆవిడని. నూరుమంది ముందర ఏమే అనిపించుకోవడం ఆవిడకి కష్టంగానే ఉండి ఉంటుంది.

వదిన సమావేశాలు మానేసింది. చీటీ వస్తే ఆస్పత్రికి మాత్రం ఠంచనుగా వెళ్ళేది, అందరికంటే ఎక్కువ గంటలు కూర్చునేది, రోగుల్ని నవ్వించేది. ఒక నెల, రెండు, మూడు. మూడో నెల కార్యదర్శి కాగితం ముందు పెట్టింది.

కాజాలావిడ ఆ సాయంత్రం వదిన గదికి వెళ్ళింది.

"ఒక్క ముక్క రాసివ్వు వదినా. ఒంట్లో బాగోలేదని."

"బానే ఉందిగా ఒంట్లో."

"రాయడానికేం?"

"నీకు అబద్ధం రాసివ్వాలా నేను? ఇరవై ఆరేళ్ళు నీ చెయ్యి చూసి గుండీ కుట్టాను. కాగితం చూసి ఏం కుడతావే నువ్వు?"

"నూట ఇరవైమంది చూస్తున్నారు. నీకో రూలు, వాళ్ళకో రూలంటే ఏమనుకుంటారు?"

"అనుకోనీ. తీసెయ్యి. నీ చేత్తోనే కొట్టెయ్యి, బాగా కుదురుతుంది."

కొట్టేసింది. పెన్ను పట్టుకుని వదిన పేరు మీద అడ్డంగా గీత గీసింది, తిన్నగా వచ్చింది. ఆ తరవాత రెండేళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. ఒకే వీధి చివర కూరగాయల దగ్గర ఎదురుపడితే చెరో బుట్ట వైపూ వంగేవాళ్ళు.

రెండేళ్ళ తరవాత వదినకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యీ కాలూ పోయాయి, మూతి కొంచెం పక్కకి తిరిగింది. పిల్లల్లేరు. కింద అద్దెకుంటున్న ఆవిడ రోజూ పైకెక్కి చేసిపెట్టేది. ఆదివారం మటుకు ఆవిడ తన తల్లి దగ్గరికి వెళ్ళాలి. ఆ సంగతి ఆవిడే కూరగాయల దగ్గర ఎవరితోనో అంటుంటే కాజాలావిడ విన్నది. విని ఇంటికొచ్చి వంట చేసుకుని తిన్నది. గిన్నెలు కడిగింది. ఆ వచ్చిన ఆదివారం వెళ్ళి వదిన మంచం పక్కన కూర్చుంది.

"ఎవరు పంపారు?" అంది వదిన. సగం మూతితో మాట ముద్దగా వచ్చింది. "చీటీలో వచ్చానా?"

"చీటీ లేదు, గీటీ లేదు. నోరు తెరు, మంచినీళ్ళు."

"సగమే తెరుచుకుంటోంది. దేవుడికీ నా నోరే కనపడింది చూడు, గుండీ పెట్టడానికి."

అంతకు మించి పాత సంగతి ఎవరూ ఎత్తలేదు. కాజాలావిడ పక్క దులిపింది, తల దువ్వింది, పక్కకి పొర్లించి వీపు తుడిచింది. ఐదింటికి కింద ఆవిడ వచ్చేదాకా ఉంది. ఆ ఆదివారమే సమావేశం. తరవాతి నెలలో సమావేశం ఉన్న ఆదివారమూ అక్కడే ఉంది.

మూడో నెలకి ముందు కత్తెరమ్మ వచ్చింది ఇంటికి. అప్పటికి ఆవిడ ఉపాధ్యక్షురాలు.

"అక్కా, రెండయ్యాయి నీకు. నీ చేత్తో ఒక్క ముక్క రాసియ్యి, లేదా నన్ను రాయమను, వేలిముద్ర వేసినా చాలు."

"ఏమని రాస్తావు?"

"వదిన దగ్గరున్నావని."

"ఆవిడ సభ్యురాలు కాదు. సభ్యులు కాని వాళ్ళ దగ్గర కూర్చుని సమావేశం ఎగ్గొట్టానని అధ్యక్షురాలు రాసిస్తుందా?"

"పోనీ ఒంట్లో బాగోలేదని..."

"బానే ఉందిగా ఒంట్లో" అంది కాజాలావిడ. ఆ మాట అంతకుముందు ఎవరన్నారో ఆవిడకి తెలుసు. తెలిసే అంది.

మూడో నెల సమావేశానికీ వెళ్ళలేదు. వారం తిరక్కుండా టైపు కొట్టిన కాగితం వచ్చింది. అందులో పంతొమ్మిదో నిబంధన ఉంది, ఒకటో నంబరు బ్యాడ్జీ తిరిగి అప్పగించమని ఉంది, ఇట్లు మీ విధేయురాలు అని ఉంది. ఈ కాగితం నమూనా ఆమోదించినప్పుడు అధ్యక్షురాలు ఆవిడే. పక్కింటి అమ్మాయి చదివి వినిపిస్తుంటే, మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయని తలూపింది. బ్యాడ్జీ కవరులో పెట్టి పంపింది. బాధ పడిందా అంటే ఏమో. ఆ రోజు దుప్పట్లు ఉతికింది.

పదిహేను రోజులకి వదినకి రెండోసారి వచ్చింది. కింద ఆవిడ ఆంబులెన్సు పిలిచి ఎక్కించింది. కాజాలావిడ వెనకాల బస్సులో వెళ్ళింది. గేటు దగ్గర కాపలావాడు ఆవిడని పన్నెండేళ్ళుగా ఎరుగును.

"పెద్దమ్మా, బ్యాడ్జీ?"

"లేదు నాయనా."

"మర్చిపోయారా?"

"తీసేశారు."

వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఇప్పుడు కెమెరాలు పెట్టారు పెద్దమ్మా. వదిలానంటే నా ఉద్యోగం పోతుంది. ఏమవుతారు మీరు ఆవిడకి? చుట్టమైతే కార్డు చూపించండి, పేరు రాసుకుంటాను."

కార్డుల్లో ఇద్దరి ఇంటిపేర్లూ వేరు, తండ్రులు వేరు, ఊళ్ళు వేరు. ఇరవై ఆరేళ్ళ బల్లకి కార్డు లేదు. ఏ వార్డో మాత్రం కనుక్కుంది. ఆడవాళ్ళ వార్డు, ఇరవై రెండో మంచం. తాలూకు ఎవరూ లేరు. అక్కణ్ణుంచి నేరుగా కత్తెరమ్మ ఇంటికి వెళ్ళింది. టైపు మేడమ్‌ని కూడా అక్కడికే పిలిపించింది.

"ఎవరినో ఒకరిని పంపండి" అంది. "మూడుసార్లు కేకేస్తే లేచేవాళ్ళు ఒకరుంటే చాలు. నన్నే పంపమనడం లేదు."

"ఆవిడ సభ్యురాలు కాదు కదండీ" అంది టైపు మేడమ్. చెడ్డ మనిషి కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "చేర్చుకుందామన్నా ఆవిడే వచ్చి మన ఎదుట సంతకం పెట్టాలి. మీరు రాయించిందే."

"అవును. నేనే."

"మీరు మళ్ళీ చేరండి. ఈ ఆదివారమే సమావేశం. ఇద్దరు పరిచయకర్తల సంతకాలు కావాలి. వెంటనే బ్యాడ్జీ ఇచ్చేస్తాం."

దరఖాస్తులో ఒక గడి ఉంది, అభ్యర్థి పరిచయకర్తలకు ఎంతకాలంగా తెలుసు అని. కత్తెరమ్మ అక్కడ ఏం రాయాలో తోచక చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరికి ముప్ఫై తొమ్మిదేళ్ళు అని రాసింది. టైపు మేడమ్ అది చదివి, ఏళ్ళు అంకెల్లో రాయాలమ్మా, అంది.

సమావేశానికి నాలుగు రోజులుంది. కాజాలావిడ ఆ నాలుగు రోజులూ గేటుకెదురుగా ఉన్న మందుల దుకాణం మెట్ల మీద కూర్చుంది. కాపలావాడు డ్యూటీ మారేటప్పుడల్లా లోపలికి వెళ్ళి చూసొచ్చి, ఉంది పెద్దమ్మా అని చెప్పేవాడు. అంతకంటే వాడేం చెయ్యగలడు.

ఆదివారం చేతులెత్తారు. రెండు వందల పద్నాలుగో నంబరు ఇచ్చారు. చీటీల డబ్బా ముందుకొచ్చింది. కాజాలావిడ తీసింది. ఆడవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం, సోమవారం నుంచి మూడు రోజులు, పది నుంచి నాలుగు దాకా. వార్డు అదే. మంచం వేరు. కత్తెరమ్మ ఆ చీటీ చూసి పక్కకి తిరిగి, "ఇటియ్యి అక్కా, నేను మారుస్తాను. ఎవరికీ తెలీదు" అంది.

"వద్దు."

"లోపలికెళ్ళాక ఎక్కడ కూర్చుంటే ఎవడు చూశాడు?"

కాజాలావిడ చీటీ వెనక్కి లాక్కుంది. రెండేళ్ళ కింద రూలు పేరు చెప్పి వదినని తీసేసిన మనిషి ఆవిడ. ఇప్పుడు తన పని పడిందని ఆ రూలు పక్కన పెడితే, అప్పుడు తీసేసింది రూలు కాదు, తనే అవుతుంది. అది ఆవిడ మోయలేదు. పైగా తొమ్మిదో మంచం మీదున్నది కూడా ఎవరూ లేని మనిషే కదా. లెక్క ఎటు తిప్పి చూసినా సరిపోతోంది. అదే దాంట్లో ఉన్న పాపం.

తొమ్మిదో మంచం మీద పోస్టాఫీసులో పనిచేసి మానేసినావిడ ఉంది, సంఘంలో కొత్తగా చేరిన మనిషి. ఊపిరితిత్తుల్లో నీరు. మంచి మనిషి, కాసేపటికోసారి దాహమనేది, మధ్యమధ్య ఉత్తరాల సంచుల గురించి ఏదో చెప్పేది. కాజాలావిడ కుర్చీ గోడవైపు నుంచి నడవావైపు జరుపుకుంది. అక్కణ్ణుంచి ఇరవై రెండో మంచం కొస, దుప్పటి కింద రెండు పాదాలు కనపడేవి. కుడి పాదం అప్పుడప్పుడు కదిలేది. ఎడమది కదిలేది కాదు.

గోడగడియారం చూసుకుని పది నిమిషాలు వెళ్ళేది. మొదటి రోజు వెళ్ళినప్పుడు వదిన కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు కాజాలావిడ బ్యాడ్జీ మీద చాలాసేపు నిలిచాయి.

"ఎంత?" అంది. మాట గాలిలాగా ఉంది.

"రెండొందల పద్నాలుగు."

వదిన గొంతులో ఏదో కదిలింది. నవ్వే అయ్యుంటుంది. "నాకంటే... వెనకే..."

"నీకసలు నంబరే లేదు. మాట్లాడకు."

పెదాలు తడిపింది. దుప్పటి సర్దింది. గడియారం చూస్తే తొమ్మిదిన్నర నిమిషాలయ్యాయి. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. పోస్టాఫీసావిడ, చుట్టాలా అని అడిగింది. కాదంది.

రెండో రోజు ఆరుసార్లు వెళ్ళింది. వదిన ఒక్కసారే కళ్ళు తెరిచింది, మనిషిని పోల్చుకుందో లేదో తెలియలేదు. వేళ్ళు మాత్రం కాజాలావిడ చీర మీద తొడుక్కున్న పాత చొక్కా అంచు దొరకబుచ్చుకుని, చివరి గుండీ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాయి, గట్టిగా ఉందో లేదోనని. ఉంది.

మూడో రోజు పదకొండింటికి పోస్టాఫీసావిడని ఎక్స్‌రేకి తీసుకెళ్ళమన్నారు. కింద అంతస్తు. చక్రాల కుర్చీ, లిఫ్టు దగ్గర వరస, అక్కడ ఇంకో వరస. కాజాలావిడ ఆవిడ ఫైలూ, చెప్పులూ, మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడింది. లోపల ఊపిరి బిగబట్టమంటే ఆవిడకి దగ్గొచ్చి మళ్ళీ మళ్ళీ తియ్యాల్సొచ్చింది. ఒకసారి కాజాలావిడ మెట్లవైపు చూసింది. పోస్టాఫీసావిడ ఆవిడ మణికట్టు పట్టుకుంది, వెళ్ళకమ్మా, నాకు భయం అంది. వెళ్ళలేదు.

పైకొచ్చేసరికి ఇరవై రెండో మంచం చుట్టూ ఆకుపచ్చ తెర లాగి ఉంది. కాజాలావిడ ముందు పోస్టాఫీసావిడని మంచమెక్కించింది, కాళ్ళమీద దుప్పటి కప్పింది, సీసా చేతికందేట్టు పెట్టింది. అప్పుడు వెళ్ళింది. నర్సు బయటికొస్తోంది.

"పావుగంటయింది. పిలిచాం, ఎవరూ లేరు." ఆమె బ్యాడ్జీ చూసింది. "మీరు తొమ్మిదోది కదా?"

"తొమ్మిదోదే" అంది కాజాలావిడ. "ఈవిడది కూడా నేనే చూసుకుంటాను."

నర్సు తెర పక్కకి తీసింది. కాజాలావిడ వదిన కళ్ళు మూసింది. అవి పూర్తిగా మూసుకోలేదు, వేళ్ళతో కాసేపు పట్టుకోవలసి వచ్చింది. నైటీ మెడ దగ్గర గుండీ ఊడి ఉంటే పెట్టింది. ఏడుపు వస్తుందేమోనని చూసింది, రాలేదు. తొమ్మిదో మంచం దగ్గర్నుంచి పోస్టాఫీసావిడ దాహమంటోంది. గడియారం చూసి, వెళ్ళింది.

అంత్యక్రియలకి కింద అద్దెకుండే ఆవిడ, కత్తెరమ్మ, కాజాలావిడ, ఇంకో నలుగురు పాత కార్ఖానా వాళ్ళు వచ్చారు. సంఘం తరఫున ఎవరూ రాలేదు. రావడానికి వీల్లేదు.

తరవాతి నెల సమావేశంలో కొత్త నంబర్లన్నీ వెనక బెంచీలో. కాజాలావిడ అక్కడ మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుంది. కార్యదర్శి చదివింది, తొమ్మిదో మంచం, మూడు రోజులు, పద్దెనిమిది గంటలు, రోగి సంతృప్తి వ్యక్తం చేశారు. అప్పుడు కత్తెరమ్మ లేచి, ఇరవై రెండో మంచం సంగతి కూడా రాద్దామా అంది. టైపు మేడమ్ కాజాలావిడ వైపు చూసింది, ఏం చెప్తుందోనని. గదిలో అందరూ ఆవిడవైపే చూశారు.

"ఆవిడ సభ్యురాలు కాదుగా" అంది కాజాలావిడ.

నివేదికకి చేతులెత్తమన్నారు. ఎత్తింది. చీటీల డబ్బా వచ్చింది, తీసింది. ఎముకల వార్డు, నాలుగో మంచం, మంగళవారం. చీటీ మడిచి సంచిలో వేసుకుంది. బల్లలు గోడకి చేరవేస్తున్నారు, మర్నాడు పిల్లల బడి. ఒక కొస తను పట్టుకుని, రెండో కొస ఎవరైనా పట్టుకుంటారేమోనని నిలబడింది.